ఇనుప మాసిక

ముందుగా చెవికి దణ్ణం.

బెజవాడ ఆటోనగర్‌లో ఎండ రేకుల షెడ్డును కాలుస్తున్న వేళ, మేస్త్రి మొదట చేతిలోకి తీసుకున్నది గ్యాసు టార్చి కాదు, గ్రైండరూ కాదు. జానెడు కర్ర ఉన్న చిన్న సుత్తి. దాంతో, మా పాత జీపూ, నీ చుట్టూ ప్రదక్షిణం మొదలుపెట్టాడు. తడతాడు, ఆగుతాడు, తల పక్కకు వంచి వింటాడు. ఖణ్. ఖణ్. ఖణ్. ఎడమ మడ్గార్డు దాటి, కాలు పెట్టి ఎక్కే చోటికి వచ్చేసరికి నీ గొంతు మారింది. బొద్. మేస్త్రి జేబులోంచి సుద్దముక్క తీసి అక్కడొక గీత గీశాడు. మళ్ళీ ఖణ్, ఖణ్. మళ్ళీ బొద్. మళ్ళీ గీత.

సంతలో కుండ కొనేముందు మా అమ్మమ్మ ఇలాగే వేలి కణుపుతో కొట్టి వినేది. పగులు కంటికి దొరక్కపోయినా చెవికి దొరుకుతుందనేది. ఆ విద్యే ఇది. గట్టి ఇనుముకు గొంతు ఉంటుంది, తుప్పుకు ఉండదు. పైన రంగు ఎంత మెరిసినా సుత్తి అడిగితే రేకు నిజం చెప్పేస్తుంది. ప్రదక్షిణం ముగిసేసరికి నీ ఒళ్ళంతా తెల్లని గీతలు. చూసి నాకు గుండె జారింది. మేస్త్రి ముఖం మాత్రం తేటపడింది.

"హద్దులు తెలిశాయి బాబూ. ఇంక భయం లేదు," అన్నాడు.

నీ రూపానికి దణ్ణం. బల్లపరుపు మడ్గార్డులు, ఎత్తు బానెట్టు, ఏడు నిలువు చీలికల ముఖం, అట్టపెట్టెను మడిచినట్టుండే ఒళ్ళు. అందగత్తెవని నిన్నెవరూ అనలేదు. నేనంటాను. నీ వంశం యుద్ధంలో పుట్టింది. 1941 నుంచి యుద్ధం ముగిసేలోపు విల్లీస్, ఫోర్డ్ కార్ఖానాలు నీ పూర్వీకుల్ని 6 లక్షలకు పైగా దించాయి. అంత తొందరలో వంపులకూ సొంపులకూ తీరికెక్కడ? రేకును కత్తిరించు, మడువు, అతుకు, పంపు. 1940ల చివర్లో ఆ జీపు మహీంద్రా చేతుల మీదుగా బొంబాయిలో కూర్పుకు వచ్చింది. 1953లో విల్లీస్ వాళ్ళు కొత్త ఇంజను తల ఎత్తుగా ఉందని బానెట్టును పైకి లేపారు. ఆ ఎత్తు బానెట్టు జీపును అమెరికాలో 1968తో ఆపేశారు. మన దేశంలో మాత్రం ఆ ముఖం దశాబ్దాల పాటు కార్ఖానా గుమ్మం దాటి బయటికి వస్తూనే ఉంది. అలా మా దివిసీమకు చేరినదానివి నువ్వు.

ఆ తొందర మాకు వరమైంది. నీలో వంకర తిరిగిన చోటు చాలా తక్కువ. నీ ఒంట్లో ఏ ముక్క పోయినా ఒక బల్ల, ఒక యాంగిల్ ముక్క, ఒక సుత్తి, తెలిసిన చెయ్యి ఉంటే చాలు, ఆ ముక్క మళ్ళీ పుడుతుంది. ఇవాళ్టి కార్లకు బుగ్గలూ నడుములూ ఉన్నాయి. వాటిని పెద్ద పెద్ద అచ్చుల్లో ఒత్తి తీయాలి. అచ్చు ఆగిపోయిన రోజున ఆ బండికి ఆయువు ఆగినట్టే. నీకు అచ్చు అక్కర్లేదు. నిన్ను చేసినవాళ్ళు తమకు తెలియకుండానే నీ తాళంచెవిని ఊరూరి టింకరింగ్ షెడ్డులో వదిలిపెట్టి వెళ్ళారు. నీలో నేను కొలిచేది ముందుగా ఆ గుణాన్నే.

ఆ బల్లపరుపు మడ్గార్డు మీద ఎంతమంది కూర్చున్నారు! ఎన్నికలప్పుడు జెండా కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళు, పెళ్ళికొడుకు మేనమామలు, సైకిలు పంచరైన మాస్టారు. చేలగట్టున నాన్న టీగ్లాసు పెట్టుకునే టీపాయి అదే. పంచాయతీ తీరే అరుగూ అదే. గుండ్రని మడ్గార్డు మీద ఎవరు కూర్చుంటారు?

ఇక తుప్పు సంగతి. దాన్ని తిట్టబోవడం లేదు.

నాగాయలంక, కోడూరు, హంసలదీవి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఆ కొసన గాలికే ఉప్పు రుచి ఉంటుంది. ఉతికి ఆరేసిన పంచె తెల్లారేసరికి చెమర్చి ఉంటుంది. అక్కడ రొయ్యల చెరువుల గట్ల మీద నువ్వు మేత బస్తాలు మోశావు, ఐసు గడ్డలు మోశావు, పట్టుబడి రోజున నీళ్ళు కారే ట్రేలు మోశావు. ఐసు కరిగిన నీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసి నీ ఫ్లోరు మీద మడుగు కట్టాయి. సాయంత్రం పైన పైపుతో కడిగేవాళ్ళం. కింద ఎవరం కడగలేదు. సీటు కింద, టూలు బాక్సు అడుగున, వెనక చక్రాల మీది పెట్టెల మూలల్లో ఆ ఉప్పు అలాగే కూర్చుండిపోయింది. ఆ తప్పు మాది. నీది కాదు.

ఉప్పు తనంతట తాను ఇనుమును తినదు. నీళ్ళలో కరిగి, రేకులో ఒక చోటి నుంచి ఇంకో చోటికి సన్నని విద్యుత్తు పారడానికి దారి తెరుస్తుంది. ఆ దారిన ఇనుము అణువణువుగా ఇల్లు వదిలి బయల్దేరుతుంది. గాలి వచ్చి చేయి పట్టుకుంటుంది, నీరు తోడు నిలుస్తుంది. ముగ్గురూ కలిస్తే తుప్పు. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు అడుగుతుంది. అందుకే రంగు కింద పొక్కు లేస్తుంది. పొక్కు మన కంటబడేసరికి లోపల కథ ముదిరిపోయి ఉంటుంది. రెండు రేకులు ఒకదాన్నొకటి ఆనుకున్న చోట మరీను. దీపం వత్తి నూనెను పీల్చినట్టు ఆ ఇరుకు నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఎండ అక్కడికి పోదు, గుడ్డ పోదు, బ్రష్షు పోదు. యుద్ధకాలపు జీపుల్లో ఫ్లోరు కింద బలానికి వేసిన టోపీ ఆకారపు బద్దీల్లో చెక్క దూర్చేవారు. ఆ చెక్క నీళ్ళు తాగి, తాగినదాన్ని దాచుకుని, పైనున్న రేకును కిందినుంచి నమిలేసేది. రేకు చావు ఎప్పుడూ ఇలా నీడలోనే మొదలవుతుంది.

అయినా తుప్పును శత్రువు అనలేను. బైలదిల్లా కొండల ఎర్రటి ఖనిజం కిరండూల్ నుంచి కొత్తవలస దారిన, అరకు లోయ మీదుగా, రైళ్ళకు రైళ్ళు విశాఖ వైపు దిగి వస్తుంటుంది. ఆ వ్యాగన్ల ఎరుపూ నీ సీటు కింద గరిటెతో ఎత్తిన పొడి ఎరుపూ దగ్గర చుట్టాలే. కొండలో ఇనుము ఆక్సిజన్‌తో కాపురం చేస్తూ కూర్చుంది. మనం కొలిమిలో వేసి విడదీశాం. దానికి పుట్టిల్లు గుర్తుకొస్తే తప్పు పట్టలేం. ఇంకొన్నేళ్ళు మా దగ్గర ఉండిపొమ్మని బతిమాలడమే రిపేరు.

బతిమాలడం గీకడంతో మొదలైంది. గీకితే గానీ తెలియలేదు నీ మీద ఎన్ని అబద్ధాలున్నాయో. పైన నాన్న వేయించిన ఆకుపచ్చ. దాని కింద నీలం. దాని కింద దుమ్మురంగు. వాటన్నిటి కిందా పుట్టీ. ఒకచోట వేలి మందం, ఒకచోట రెండు వేళ్ళ మందం. పుట్టీకి నేను విరోధిని కాను. గోటి మందాన పూస్తే అది రేకుకు పౌడరు లాంటిది. చిల్లు మీద పోస్తే మాత్రం సమాధి. అది మెత్తగా తేమ తాగుతుంది, వెనకనున్న తుప్పుకు దుప్పటి కప్పుతుంది. మేస్త్రి జేబులో ఒక అయస్కాంతం ముక్క ఉంది. దాన్ని నీ ఒంటి మీద నడిపించాడు. రేకు ఉన్నచోట చంటిపిల్లాడిలా కరుచుకుంది. పుట్టీ ఉన్నచోట జారి పడింది. పాత జీపు కొనబోయేవాళ్ళు ఆ ముక్కను జేబులో వేసుకుని వెళ్ళాలి.

ఎడమ గుమ్మం దగ్గర ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే అరచేతి వెడల్పు పుట్టీ పెచ్చు ఊడి పడింది. వెనక రేకు లేదు. పాత సిమెంటు సంచి గుడ్డ ముక్క ఉంది. ఎవరో ఎప్పుడో చిల్లులో గుడ్డ కుక్కి, పైన పుట్టీ మెత్తి, రంగు కొట్టి, కూలి తీసుకుని వెళ్ళారు. మేస్త్రి ఆ గుడ్డను రెండు వేళ్ళతో లాగి పక్కన పెట్టాడు. ఆ మనిషిని ఒక్క మాట అనలేదు. గ్రైండరు చేతిలోకి తీసుకున్నాడు, అంతే.

కోతకు దణ్ణం. ఇది అన్నిటికన్నా ధైర్యం కావాల్సిన పని. చిల్లు గోళీకాయంత ఉంటే కోత అరచేయంత పడుతుంది. కాస్త మిగుల్చుకుందాం, ఇంత ఎందుకు అని మనసు గుంజుతుంది. మేస్త్రి వినడు. రేకు తెల్లగా, దిట్టంగా, నిప్పురవ్వలు గుత్తులుగా రాలేదాకా వెనక్కి కోస్తాడు. "బతికున్న ఇనుముకే అతుకు నిలుస్తుంది" అంటాడు. తుప్పు తిన్న అంచుకు మంట తగిలిస్తే అది కరిగి అతుక్కోదు, ఎండుటాకులా కాలి రాలిపోతుంది. నా కళ్ళముందే నీ గుమ్మం పోయింది, ఫ్లోరులో ముందు సగం పోయింది, వెనక మూల పెట్టె అడుగు పోయింది. ఆ రాత్రి నీలోంచి నేల కనిపించింది. నిద్ర పట్టలేదు.

తెల్లవారి కొత్త రేకు వచ్చింది.

రేకు. ఎంత మంచి మాట మనకు! పువ్వుకున్నదీ రేకే, బండికున్నదీ రేకే. అన్నమయ్య పాటల్ని తిరుమలలో దాచిందీ రాగిరేకులే. విప్పారేదీ, రాసుకునేదీ, కాపాడేదీ ఒకే మాటలో ఇమిడాయి. ఆ ఉదయం షెడ్డులో నిలబెట్టిన సి.ఆర్. (కోల్డ్ రోల్డ్) షీటు బూడిదరంగు నీళ్ళలా మెరిసింది. 18 గేజి, అంటే 1.2 మిల్లీమీటర్ల మందం. నేనే అడిగాను, జింకు పూత ఉన్న షీటు వేస్తే తుప్పు పట్టదు కదా అని. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. మంట తగిలిన చోట జింకు కాలి తెల్లని పొగ లేస్తుందట. అది పీల్చిన వెల్డరుకు రాత్రికి చలిజ్వరం తప్పదట. పైగా అతుకు దగ్గర ఎలాగూ పూత మిగలదు. నీ ఆయువు కోసం ఇంకొకరి ఊపిరితిత్తులు ఎందుకు? మామూలు రేకే వేశాం.

కొలతకు టేపు తీయలేదు. పాత క్యాలెండరు అట్టను కోత మీద పెట్టి, అంచుల వెంట బొటనవేలితో నొక్కాడు. అట్ట మీద గుర్తు పడింది. దాని ప్రకారం కత్తిరించి, ఆ అట్టను రేకు మీద పెట్టి సుద్దతో గీశాడు. మూలలన్నీ గుండ్రంగా తీశాడు. పదునైన మూల దగ్గరే పగులు పుడుతుందట. మా అమ్మ చొక్కా మోచేతికి మాసిక వేసేటప్పుడు కూడా గుడ్డ మూలలు గుండ్రంగానే తీసేది. ఎవరు ఎవరికి నేర్పారో! ఆ తర్వాత యాంగిల్ ముక్క అంచున రేకు పెట్టి, కొయ్య సుత్తితో ఒక చివర నుంచి ఇంకో చివరకు చిన్న చిన్న దెబ్బలు. ఒకేచోట గట్టిగా కొడితే రేకు సాగిపోతుంది. అంచు పొడవునా కొంచెం కొంచెంగా ఒప్పిస్తూ పోతే మడత గీత గీసినట్టు నిలుస్తుంది. ఆ రేకును నీ ఒంటిలో కూర్చి చూసి, ఆకురాయితో నాలుగు రాపిళ్ళు పెట్టి, మళ్ళీ కూర్చాడు. ఇంకో రెండు రాపిళ్ళు. అంచుకు అంచు తాకింది.

ఒకదాని మీద ఒకటి పెట్టి అతికితే పని సగమే. చాలామంది అలాగే చేస్తారు. ఆ రెండు పొరల నడుమ మళ్ళీ అదే ఇరుకు, అదే వత్తి, అదే నీరు. అందుకే అంచుకు అంచు. ఓపిక ఉన్నవాడి పద్ధతి అది.

మంటకు దణ్ణం పెట్టేముందు టాంకును దణ్ణం పెట్టి సాగనంపాం. నీ డ్రైవరు సీటు కింద ఉన్న టాంకును మేస్త్రి విప్పి షెడ్డు బయట చెట్టు కిందికి పంపించాడు. నిండు టాంకు కన్నా ఖాళీ టాంకే ఎక్కువ భయపెడుతుంది. దానిలో మిగిలేది మంటకు అంటుకునే ఇంధనపు ఆవిరి. ఈ ఒక్క విషయంలో మేస్త్రి శిష్యుల మీద గొంతు పెంచాడు.

తర్వాత ఆక్సిజన్, ఎసిటిలిన్ కలిసిన నీలిమంట. ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆ మంట కొస 3 వేల డిగ్రీలు దాటుతుంది. అంత నిప్పును అంత పల్చని రేకుకు చూపించడం పసిపిల్లకు స్నానం చేయించడం లాంటిదే. ఎంత వేడో చెయ్యికే తెలియాలి. గీత పొడవునా ఒకేసారి లాగలేదు. ఈ చివర ఒక టాకా. ఆ చివర ఒక టాకా. నడుమ ఒకటి. ఆగడం. తడిగుడ్డ. మళ్ళీ ఎదురు అంచున ఒకటి. బల్లపరుపు రేకుకు వేడంటే పడదు. వంపు ఉన్న రేకు కాస్త ఓర్చుకుంటుంది, సాపు రేకు వెంటనే అలిగి ఉబ్బుతుంది. నీ మడ్గార్డు అలాగే అలిగింది. ఇటు నొక్కితే అటు, అటు నొక్కితే ఇటు, టక్కు టక్కుమంటూ.

అప్పుడు చూశాను నేను ఆ విద్యను. ఉబ్బిన చోట నడిమధ్య రూపాయి బిళ్ళంత మేర మంట చూపించాడు. అది చెర్రీపండులా ఎర్రబడింది. శిష్యుడు కింద డాలీ అనే ఇనుప దిమ్మ పట్టాడు. మేస్త్రి ఎర్ర బిళ్ళ చుట్టూ నాలుగు మెత్తని దెబ్బలు, నడుమ ఒకటి వేసి, వెంటనే తడిగుడ్డ అద్దాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. సాగిన ఇనుము ఆ చల్లదనానికి తన్ను తాను దగ్గరకు లాక్కుంది. వేడి చేస్తే వ్యాకోచం, చల్లబడితే సంకోచం అని బడిలో వల్లించిన పాఠమే. కానీ అది ఒక మనిషి మణికట్టులో అలా కాపురం ఉంటుందని నాకు తెలియదు. మూడు బిళ్ళలకు మడ్గార్డు మృదంగం మూతలా బిగిసింది. మేస్త్రి వేలి కణుపుతో కొట్టాడు.

ఖణ్.

వెతుక్కుంటూ వచ్చిన గొంతు అదే. షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. శిష్యుడు మాత్రం నవ్వాడు.

పూర్తిగా పోని చోట్లు కొన్ని మిగిలాయి. డాష్‌బోర్డు కింద, స్టీరింగు రాడ్డు దిగే పలక మీద, చిల్లు పడకుండా గుంటలు గుంటలుగా తుప్పు పట్టిన చోట్లు. వాటిని వైరు బ్రష్షుతో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మందు పూయడం ఆటోనగర్ అలవాటు. అది తుప్పును ఫాస్ఫేటుగా మారుస్తుంది. కానీ నాకు మా బందరు వైపు ఇంకో సంగతి గుర్తొచ్చింది. పెడనలో కలంకారీ నలుపు ఎలా వస్తుందో చిన్నప్పుడు చూశాను. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో వేసి కుండలో రోజుల తరబడి పులియనిస్తారు. గుడ్డను ముందే కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెడతారు. కుండలోని నీళ్ళు గుడ్డకు తాకిన క్షణంలో నలుపు పుడుతుంది. కరక్కాయలోని వగరుకూ ఇనుముకూ కుదిరిన పెళ్ళి అది. ఉతికినా పోదు.

గుడ్డ మీద జరిగేది రేకు మీద ఎందుకు జరగదు? కరక్కాయలు దంచి మరిగించి, చల్లార్చి, ఒక మూల బ్రష్షుతో పూశాను. కళ్ళముందే ఎరుపు కందింది, ముదిరింది, నీలం కలిసిన సిరానలుపు అయింది. మేస్త్రి వంగి చూసి, వేలితో రాసి చూసుకుని, "ఇది మా నాన్నకు చెప్పాలి," అన్నాడు. వదులు తుప్పు మీద ఇది పనిచేయదు. దీని పైన రంగు వేయకపోతే నిలవదు. అది నాకు తెలుసు. అయినా బందరు గుడ్డ మీద చెట్టూ చిలుకా గీసిన నలుపే నీ డాష్‌బోర్డు కింద, ఎవరికీ కనిపించని చోట ఉంది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు నిండుతుంది.

తర్వాత రెడ్ ఆక్సైడు. ఆ పేరులోనే ఉంది, దాని ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే. ఇనుముకు చేరాల్సిన ఆఖరి రంగునే ముందుగా పూసి, చేరుకున్నావులే, ఇక ఆగు అని చెప్పినట్టుంటుంది. ఒళ్ళంతా ఎర్రగా, కుంకుమలో స్నానమాడి వచ్చినట్టు నిలబడ్డావు ఆ సాయంత్రం. అతుకుల వెనకవైపు, బద్దీల బోలులో, చెయ్యి దూరని చోట మైనం కలిసిన నూనె పిచికారీ చేయించాను. పైన మళ్ళీ ఆకుపచ్చే. నాన్న రంగు. దాని గురించి ఎక్కువ చెప్పను. రంగును అందరూ చూస్తారు.

నీ అతుకులు ఎక్కడున్నాయో నాకు తెలుసు. పదకొండు. గ్రైండరుతో సాపు చేసినా, వాలుగా పడే ఎండలో సన్నని ఈనెల్లా తేలుతాయి. వాటిని ఇంకాస్త కప్పమంటారా అని శిష్యుడు పుట్టీ డబ్బా పట్టుకుని వచ్చాడు. వద్దన్నాను. మాసిక వేసిన చొక్కా తొడుక్కుని బడికి వెళ్ళిన రోజుల్లో మోచెయ్యి దాచుకునేవాణ్ణి. ఆ గుడ్డ వెనక లాంతరు ముందు కూర్చున్న అమ్మ ఉందని అప్పుడు తట్టలేదు.

తిరిగి కరకట్ట ఎక్కడానికి ముందు ఇంకో పరీక్ష మిగిలింది. మేస్త్రి ఫ్లోరు మీద రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించి, గోనెపట్టా పరుచుకుని నీ కిందికి దూరాడు. నేనూ పక్కనే పడుకున్నాను. ఆయన టార్చిలైటు అతుకుల వెంట నెమ్మదిగా నడిచింది. గుమ్మం అతుకు, పొడి. ముందు ఫ్లోరు, పొడి. వెనక పెట్టె మూల, పొడి. పైన నీళ్ళు కదులుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తర్వాత ఫ్లోరు కొసల్లో మేస్త్రి కావాలని వదిలిన రెండు బెజ్జాల్లోంచి, ముందు ఎడమదాంట్లోంచి, తర్వాత కుడిదాంట్లోంచి, దారాల్లా రెండు ధారలు మొదలై ఆటోనగర్ నల్లటి మట్టి మీద పడ్డాయి. అవి సన్నబడి, చుక్కలై, ఆగిపోయేదాకా ఇద్దరం అలాగే పడుకుని చూశాం.